టూర్ ప్రోగ్రామ్‌లో నీ గంట కూడా రాసుకో

అమ్మలూ,

ఫోన్లో చెబుదామంటే సగంలో "నాన్నా, కాల్ వస్తోంది, మళ్ళీ చేస్తా" అంటావు, ఆ మళ్ళీ ఆదివారానికి గానీ రాదు. అందుకని కూర్చుని టైప్ చేస్తున్నాను. ఇంత పొడుగు మెసేజ్ చూసి కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఎయిర్‌పోర్ట్‌లో బోర్డింగ్ కోసం కూర్చున్నప్పుడు తీరిగ్గా చదువుకో.

నాకంటూ టైమే లేదని మొన్న అమ్మతో అన్నావట. అమ్మ వెంటనే యోగా అంది, ప్రాణాయామం అంది, తెల్లారుజామున లేవమంది. తెల్లారుజామున లేవడం నీకు కొత్తా? ఆరింటి ఫ్లైట్ అందుకోవాలంటే కొండాపూర్‌లో మూడింటికే లేస్తున్నావు, ముంబైలో దిగిన దగ్గర్నుంచి మీటింగులు, రాత్రి ఆఖరి ఫ్లైటు, శంషాబాద్ నుంచి ఇల్లు చేరేసరికి తేదీ మారిపోతుంది, మర్నాడు తొమ్మిదింటికి మళ్ళీ లాప్‌టాప్ ముందు. దీన్ని డే ట్రిప్ అంటారట! జీవితమంతా ప్రయాణ ఖర్చుల టీఏ బిల్లులు రాసినవాణ్ణి కాబట్టి నాకు ఇందులో లెక్క బాగా తెలుసు. కంపెనీకి ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగిలింది, ఆ మిగిలింది నీ నిద్రలోంచి తీశారు. ముందురోజు సాయంత్రమే వెళ్తానని అడిగి చూడు. ఇలాంటివి అడగనివాళ్ళకి ఎవరూ పిలిచి ఇవ్వరు.

మెడికల్ రెప్‌గా నేను తిరిగిన రోజులు నీకు కొంత గుర్తుండే ఉంటాయి, నల్ల బ్యాగు, అందులో శాంపిల్స్, నువ్వు ఆడుకోడానికి లాక్కునే కంపెనీ పెన్నులు. నీకు తెలియనిది ఒకటుంది, టూర్ ప్రోగ్రామ్. వచ్చే నెలలో ఏ తేదీన ఏ ఊళ్ళో ఉంటాం, ఏ దారిన వెళ్తాం, రాత్రి హాల్ట్ ఎక్కడ, ఇదంతా ముందే రాసి పంపాలి. ఏరియా మేనేజర్ ఒప్పుకున్నాక దాని ప్రకారమే తిరగాలి, దాని ప్రకారమే డీఏ, అంటే టూర్‌లో ఇచ్చే రోజువారీ భత్యం. అందులో లేని ఊరికి వెళితే పైసా రాదు. ఈ పద్ధతిని తిట్టుకోని రెప్ లేడు, నేనూ తిట్టుకున్నాను, కానీ దాంట్లోంచే ఒక కిటుకు పట్టాను.

రాజమండ్రి నుంచి అమలాపురం వెళ్ళడానికి రావులపాలెం మీదుగా తిన్నగా బస్సుంది. అందరూ అలాగే వెళ్ళేవాళ్ళు. నేను మాత్రం ప్రోగ్రామ్‌లో రామచంద్రపురం, ద్రాక్షారామం, కోటిపల్లి అని రాసేవాణ్ణి. పొద్దున రామచంద్రపురంలో డాక్టర్ కాల్స్, కెమిస్టుల్ని కలవడం అన్నీ అయ్యేసరికి ఒంటిగంట. ఇక సాయంత్రం అయిదు దాకా ఏ డాక్టరూ దొరకడు, భోంచేసి పడుకుంటారు. మిగతా కంపెనీల కుర్రాళ్ళు ఆ టైములో లాడ్జి గదిలో చేరి చతుర్ముఖ పారాయణం మొదలుపెట్టేవాళ్ళు. నేను కోటిపల్లి రేవుకి వెళ్ళి నది దాటించే పంటు ఎక్కేవాణ్ణి. సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, మేకలు, మధ్యలో నేను టై జేబులో కుక్కుకుని. గౌతమి దాటి ముక్తేశ్వరంలో దిగితే అక్కణ్ణుంచి అమలాపురం బస్సు. పంటు నిండితే గానీ కదలదు కాబట్టి ఒక్కోసారి రేవులోనే చాలాసేపు కూర్చోవాలి. అది నాకు కష్టం అనిపించేది కాదు, నేను వచ్చిందే దానికోసం. ఆ కాసేపు నన్ను ఎవరూ టార్గెట్ అడగరు, నెలాఖరు అమ్మకాల క్లోజింగ్ ఎంతయిందని అడగరు, నేను ఇంట్లో పెద్దకొడుకుని కాదు, తండ్రిని కూడా కాదు, నది దాటుతున్న మనిషిని. సాయంత్రం అమలాపురంలో మొదటి డాక్టరు గది ముందు నిలబడేసరికి మొహంలో పొద్దుటి అలసట ఉండేది కాదు.

ఒకసారి మేనేజర్ అడిగాడు, తిన్నటి దారి ఉండగా ఈ చుట్టుతిరుగుడు ఏమిటని. "రామచంద్రపురం డాక్టర్లు కవర్ అవుతారు సార్" అన్నాను. అది అబద్ధం కాదు, నిజంగానే కవర్ అయ్యేవాళ్ళు, ఆర్డర్లూ వచ్చేవి. నది గురించి ఆయనకి చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది?

నీకు చెప్పాలనుకుంటున్నది ఇదే. తీరిక దొరికినప్పుడు చూసుకుందాం అంటే దొరకదు తల్లీ, ముందే ప్రోగ్రామ్‌లో రాసి పెట్టుకోవాలి, అదీ మిగతావి రాయకముందు. మీ క్యాలెండర్‌లో ఎవరు పడితే వాళ్ళు వచ్చి మీటింగ్ పెట్టేస్తారన్నావు కదా, వాళ్ళకంటే ముందు నువ్వే ఒక గంట పెట్టేసుకో. దానికి ఏ పేరైనా పెట్టు, "రివ్యూ" అని పెట్టినా తప్పులేదు. ఆ గంట ఎవరికీ చెందదు, దానికి రిపోర్టు ఉండదు.

రిపోర్టు ఉండకూడదు అని ఎందుకంటున్నానంటే, కిందటి దసరాకి వచ్చినప్పుడు చూశాను, రాత్రి పదింటికి హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నావు. ఏమిటే అంటే పదివేల అడుగులకి ఇంకా కొన్ని తక్కువున్నాయని, వాచీ ఊరుకోదని. నాకు ఒళ్ళు మండింది, పైకి అనలేదు. ఆఫీసు టార్గెట్ చాలక చేతికి ఇంకో ఏరియా మేనేజర్ని కట్టుకుని తిరుగుతున్నావు. నడవొద్దనడం లేదు, రోజూ నడువు. దాన్ని నీకోసం మిగుల్చుకున్న టైములో వేసుకోకు అంటున్నాను. నెలకిన్ని పుస్తకాలు చదవాలి, ధ్యానం ఇన్ని రోజులు వరసగా చేయాలి, ఇవన్నీ అదే జాతి.

ఫోన్ సంగతి. మా కాలంలో మేనేజర్ మాట్లాడాలంటే ఎస్టీడీ బూత్ నుంచి మేమే చేయాలి, బస్సులో ఉన్నవాణ్ణి ఎవడూ పట్టుకోలేడు. అలాగని అదేదో స్వర్గం కాదు, చెప్పకుండా ఊళ్ళోకి దిగి కెమిస్టు షాపులో "మావాడు వచ్చాడా" అని ఆరా తీసే మేనేజర్లు ఉండేవాళ్ళు. కానీ రాత్రి తొమ్మిది తర్వాత లాడ్జి గదిలోకి ఎవరూ దూరేవాళ్ళు కాదు. నీకు పదకొండున్నరకి కూడా గ్రూపులో "క్విక్ క్వశ్చన్" అని వస్తుంది, నువ్వు అన్నం తింటూ జవాబు ఇస్తావు. మీ ఫ్రాన్స్ క్లయింట్లు సాయంత్రం అయితే మెయిల్‌కి పలకరని ఒకసారి విసుక్కున్నావు గుర్తుందా? పలకకపోతే తప్పేముంది? వాళ్ళ కార్మిక చట్టంలో 2017 నుంచి దాని గురించి ఒక నియమమే ఉంది, యాభైమందికి పైన పనిచేసే కంపెనీలు పని వేళల తర్వాత ఫోన్లు, మెయిళ్ళకి దూరంగా ఉండే హక్కు గురించి ఉద్యోగులతో మాట్లాడుకుని ఏర్పాటు చేసుకోవాలి. మనకి అలాంటి చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా దొరకను అని మీ టీముకి ఒక్క మాట చెప్పు. కారణం చెప్పకు. కారణం చెప్పావో, దానిమీద బేరం మొదలవుతుంది.

ఇంటి విషయం రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. ట్రిప్ నుంచి వచ్చిన రోజున నువ్వు ఇంటికి ఏదో బాకీ పడ్డట్టు ఉంటావు. బుజ్జిగాడి హోంవర్క్, ఉతకాల్సిన బట్టలు, ఫ్రిజ్‌లో కుళ్ళిన కూరలు, అన్నీ ఆ ఒక్క సాయంత్రంలో తీర్చేయాలి. నేను టూర్ నుంచి వస్తే మీ అమ్మ కాళ్ళకి నీళ్ళిచ్చి వేడిగా అన్నం పెట్టేది, నన్ను ఎవరూ బాకీ అడగలేదు. నువ్వు తిరిగేదీ ఉద్యోగం కోసమే కదా. అల్లుడుగారు మంచివాడు, పప్పుచారు నీకంటే బాగా పెడతాడు, సంకోచం లేకుండా అంటున్నాను. వచ్చిన రోజు నాకు గంట కావాలి, గది తలుపేసుకుంటాను అని చెప్పు. అతను ఏమీ అనుకోడు. అనుకుంటాడేమో అని నువ్వే ముందు అనుకుంటున్నావు.

మీ అమ్మని చూడు. ఇంటినిండా జనం, మా నాన్నగారి మందులు, మీ ఇద్దరి స్కూళ్ళు, అయినా మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటింటి తలుపు దగ్గరకేసి వారపత్రిక పట్టుకుని కూర్చుంటే నాలుగింటి దాకా దేవుడొచ్చినా కాఫీ దొరికేది కాదు. మా అమ్మ ఒకటి రెండుసార్లు సణిగింది, తర్వాత ఆవిడే నాలుగింటిదాకా ఆగడం నేర్చుకుంది.

ఇప్పుడు నీ ఊళ్ళు. బెంగళూరులో మీ హోటల్ జయనగర్ వైపే కాబట్టి పొద్దున ఆరింటికి లాల్‌బాగ్‌కి వెళ్ళు. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట, 240 ఎకరాలు, అంతా తిరగాలని పెట్టుకోకు. లోపల పెద్ద రాతిగుట్ట ఉంది, దానిమీద కెంపేగౌడ కట్టించాడనే బురుజు. ఆ రాయి వయసు దాదాపు మూడువందల కోట్ల ఏళ్ళని భూగర్భ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. దానిమీద కూర్చుంటే మీ క్వార్టర్ క్లోజింగ్ ఎంత చిన్నదో నేను చెప్పక్కర్లేదు. ఢిల్లీలో లోధీ గార్డెన్, పొద్దున్నే, టికెట్ కూడా లేదు, సమాధుల మధ్య పచ్చికలో కూర్చుని టీ తాగిరా. ముంబైలో మాత్రం ఎక్కడికీ వద్దు. నీ హోటల్ అంధేరీలో, మెరైన్ డ్రైవ్ ఆ చివర, పోయి రావడానికే సాయంత్రం అయిపోతుంది. ఆ ఊళ్ళో గదిలో ఏసీ తగ్గించుకుని తొమ్మిదింటికే పడుకో.

చెన్నైలో ఎగ్మోర్ మ్యూజియం తప్పకుండా చూడు. మన అమరావతి స్తూపం శిల్పాలు చాలా అక్కడ ఉన్నాయి, మన కృష్ణ ఒడ్డున చెక్కినవి చూడ్డానికి అంతదూరం పోవాలి, ఏం చేస్తాం. ఒక్క గదిలోనే గంట కూర్చో, మిగతా బిల్డింగులు వదిలెయ్. నేను రెండోసారి వెళ్ళినప్పుడు ఒకే ఒక్క పలక ముందు నిలబడి వచ్చేశాను, మొదటిసారి అన్నీ చూసినదానికంటే అదే బాగుంది.

ఇంకో మాట, ఇది బీపీ మాత్రలు అమ్మినవాడిగా చెబుతున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో లెక్కలు ఇచ్చాయి. వారానికి 55 గంటలు, ఆ పైన పనిచేసేవాళ్ళకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్ళకంటే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువట. నీ వారం ఎన్ని గంటలో ఈ ఆదివారం కూర్చుని ప్రయాణాలతో సహా కూడి చూడు. నాకు చెప్పక్కర్లేదు, నువ్వు చూసుకుంటే చాలు. బీపీ కూడా ఒకసారి చూపించుకో, మన ఇంట్లో అందరికీ ఉంది.

సెలవులు కూడా మురగబెట్టకు. మా రెప్‌ల కోసం 1976లో ఒక చట్టం వచ్చింది, డ్యూటీ చేసిన కాలంలో పదకొండో వంతు ఈఎల్, అంటే జీతంతో కూడిన ఆర్జిత సెలవు, ఇవ్వాలని. ఎందరో యూనియన్‌లో కొట్లాడి నిలబెట్టుకున్న సెలవు అది, అయినా దాన్ని వాడకుండా డబ్బు చేసుకుని గర్వంగా చెప్పుకునేవాళ్ళు మాలోనే ఉండేవాళ్ళు. మీ కంపెనీలో మార్చి దాటితే కొన్ని పోతాయన్నావు. ఎన్ని ఉన్నాయో చూసి, అందులో రెండు రోజులు ఎక్కడికీ వెళ్ళకుండా, మా దగ్గరికి కూడా రాకుండా, నీ ఇంట్లోనే ఉండు, బుజ్జిగాడు స్కూల్లో ఉండే రోజులు చూసుకుని. అమ్మకి ఈ మాట నేను చెప్పానని చెప్పకు.

వచ్చే నెల చెన్నై తేదీలు ఖరారయ్యాక నాకు పంపు. శుక్రవారం మ్యూజియానికి సెలవు, కాబట్టి మీటింగ్ శుక్రవారం పడితే గురువారం మధ్యాహ్నానికే దిగేలా టికెట్ తీసుకో, సాయంత్రం అయిదింటికి మూసేస్తారు. కంపెనీ ఒప్పుకోకపోతే ఆ తేడా నేను ఇస్తాను. అమ్మ కందిపొడి కొరియర్ చేసింది, డబ్బా మూత గట్టిగా ఉంది, చూసి తియ్యి.

నీ నాన్న