రాజనీతినీ తత్వశాస్త్రాన్నీ కలిపి చదువుకోనివ్వండి: ఉన్నత విద్యా మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. డిగ్రీ కోర్సులను మార్చబోతున్నారని, ఏ సబ్జెక్టును దేనితో జోడించాలో ఆలోచిస్తున్నారని విని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను పొలిటికల్ సైన్స్ పాఠాలు చెప్పే అధ్యాపకురాలిని. రాజనీతి శాస్త్రమూ తత్వశాస్త్రమూ కలిసిన ఒకే డిగ్రీ ఒకటి విశ్వవిద్యాలయాల్లో పెట్టించమని నా విన్నపం. రెండు సబ్జెక్టులను పక్కపక్కన కూర్చోబెడితే చాలదు. ఆ తేడా ఎంతో నాకు అనుభవం మీద తెలిసింది.

చదువుకునే రోజుల్లో నేను రెండూ తీసుకున్నాను. ఒక రోజు పొలిటికల్ సైన్స్ క్లాసులో లేచి, "ఎక్కువమంది ఓటేసి తక్కువమంది హక్కు తీసేస్తే అది చట్టం అవుతుంది. న్యాయం కూడా అవుతుందా సార్?" అని అడిగాను. "అది ఫిలాసఫీ వాళ్లను అడగాలమ్మా, మన సిలబస్‌లో లేదు" అన్నారు సార్. మధ్యాహ్నం ఫిలాసఫీ మేడమ్‌ను అడిగాను. "ఓట్లు, చట్టాలు అంటున్నావు, అది పొలిటికల్ సైన్స్ కదా" అన్నారు. ఇద్దరూ శ్రద్ధగా చెప్పేవాళ్లే, వాళ్ల మీద నాకు కోపం లేదు. ఇద్దరికీ సొంత సిలబస్ పూర్తి చేసే టెన్షన్. నా ప్రశ్న మాత్రం వరండాలోనే ఉండిపోయింది. చివరి సంవత్సరం వచ్చేసరికి రెండు పేపర్లూ టైమ్‌టేబుల్‌లో ఒకే గంటకు పడ్డాయి. ఫిలాసఫీ వదిలేశాను. తర్వాత సొంతంగా చదువుకున్నాను గానీ, వాదించడానికి పక్కన మనిషి లేకుండా చదివే తత్వశాస్త్రం సగం చదువే.

ఇప్పుడు నా క్లాసులో ప్రతి ఏడూ ఒక పని చేయిస్తాను. మీకూ చూపించాలని ఉంది. ముగ్గురు విద్యార్థులను ముందుకు పిలుస్తాను. ఊరి దగ్గర ఒక్క పనికి సరిపడా డబ్బుంది. బడి కట్టాలా, ఆసుపత్రా, రోడ్డా? ఎక్కువ ఇష్టమైనది ముందు వచ్చేలా వరుస రాసిన చీటీ ఒక్కొక్కరి చేతిలో ఉంటుంది. మొదటి చీటీ మీద బడి, ఆసుపత్రి, రోడ్డు అన్న వరుస. రెండో చీటీ మీద ఆసుపత్రి, రోడ్డు, బడి. మూడో దాని మీద రోడ్డు, బడి, ఆసుపత్రి. ఇక రెండేసి చొప్పున పోటీ పెడతాం. బడికీ ఆసుపత్రికీ పెడితే రెండు ఓట్లతో బడి గెలుస్తుంది. ఆసుపత్రికీ రోడ్డుకూ పెడితే ఆసుపత్రి. అలాగైతే బడి రోడ్డు మీద కూడా గెలవాలి కదా! గెలవదు. రోడ్డే రెండు ఓట్లతో బడిని ఓడిస్తుంది. చీటీలు మళ్లీ మళ్లీ లెక్కపెట్టి పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఏ ఒక్కరూ తప్పుగా ఓటెయ్యలేదు, అయినా ముగ్గురి ఇష్టం కలిపితే ఒక వరుస రావడం లేదు.

ఫ్రెంచి ఆలోచనాపరుడు కాండోర్సే 1785లోనే దీన్ని గమనించి రాశాడు. ఇక్కడి నుంచి నా సబ్జెక్టు చెప్పగలిగేది కొంత ఉంది. ఏ రెండింటికి ముందు పోటీ పెట్టాలో నిర్ణయించే మనిషి చేతిలోనే ఫలితం ఉంటుందని, చట్టసభల్లో అజెండా మీద పట్టు కోసం అంత పోరాటం అందుకేనని చెబుతాను. కానీ పిల్లలు అడిగేది ఇంకొకటి: "మరి ప్రజల అభిప్రాయం అనేది ఉన్నట్టా, లేనట్టా?" అక్కడికి వచ్చేసరికి ఫిలాసఫీ మాస్టారు నా పక్కన నిలబడి ఉంటే బాగుండునని ప్రతిసారీ అనిపిస్తుంది.

ఈ కలయిక కొత్త మోజేమీ కాదు. అర్థశాస్త్రం మొదట్లోనే కౌటిల్యుడు ఈ తగువు తీరుస్తాడు. దండనీతి, అంటే రాజ్యపాలన విద్య, ఒక్కటే విద్య అని ఉశనసుని శిష్యులు అన్నారని చెప్పి, దాన్ని ఒప్పుకోకుండా నాలుగు విద్యలను లెక్కపెడతాడు. అందులో ఆన్వీక్షికి, అంటే తర్కించి పరిశీలించే తత్వవిద్య, మొదటిది. అన్ని విద్యలకూ అది దీపం అంటాడు. పన్నుల గురించీ గూఢచారుల గురించీ అంత వివరంగా రాసిన మనిషి ఆ దీపాన్ని ముందు వెలిగించుకున్నాడు. గ్రీకుల వైపు చూసినా అంతే. మంచి బతుకు అంటే ఏమిటో చర్చించిన నీతిశాస్త్ర గ్రంథం చివరికి వచ్చి, అరిస్టాటిల్ ఇక చట్టాల గురించీ రాజ్యాంగాల గురించీ మాట్లాడుకోవాలంటాడు.

జాన్ స్టువర్ట్ మిల్ సంగతి మీలాంటి చట్టసభ సభ్యులకు మరీ దగ్గరిది. 1859లో స్వేచ్ఛ గురించి పుస్తకం రాసిన ఆ తత్వవేత్త 1865లో బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 1867లో ఓటుహక్కు బిల్లు మీద ఒక సవరణ పెట్టాడు. బిల్లులో ‘పురుషుడు’ అని ఉన్న చోట ‘వ్యక్తి’ అని రాయమన్నాడు. ఆ ఒక్క మాటతో ఆడవాళ్లకూ ఓటు వచ్చేది. అనుకూలంగా 73 ఓట్లు, వ్యతిరేకంగా 196. ఓడిపోయాడు. మగవాళ్లతో సమానంగా అక్కడి ఆడవాళ్లకు ఓటు రావడానికి 1928 దాకా పట్టింది. ‘వ్యక్తి’ అంటే ఎవరు అన్నది తత్వశాస్త్రపు ప్రశ్న. దాన్ని బిల్లులో ఏ చోట పెట్టాలి, ఎవరి ఓట్లు కూడగట్టాలి అన్నది రాజకీయం. మిల్‌కు రెండూ తెలుసు కాబట్టే ఆ సవరణ సభ దాకా వచ్చింది.

ఆక్స్‌ఫర్డ్‌లో 1920 నుంచి తత్వశాస్త్రం, రాజనీతి, ఆర్థికశాస్త్రం కలిపిన డిగ్రీ ఉంది. పాకిస్తాన్ ప్రధాని అయిన బెనజీర్ భుట్టో, బ్రిటన్ ప్రధానులైన డేవిడ్ కామెరాన్, రిషి సునాక్ అది చదివినవాళ్లే. ఆ కోర్సు మీద విమర్శా గట్టిగానే ఉంది. అన్నిటి గురించీ కొద్దికొద్దిగా తెలిసి, దేని మీదైనా అనర్గళంగా మాట్లాడే పాలకులను తయారుచేస్తుందని. ఆ విమర్శలో నిజం ఉందనే నేనూ అనుకుంటాను. అందుకే మనం దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకోవద్దు. ఒక కార్యాలయంలో పింఛను దరఖాస్తు తిరస్కరించిన కాగితాన్ని విద్యార్థి చేతిలో పెట్టి, ఏ నిబంధన కింద తిరస్కరించారో, ఆ నిబంధన ఎవరిని అర్హుడిగా చూస్తోందో, అలా చూడటం సబబేనా అని రాయించాలి. అప్పుడు తెలుస్తుంది ఎవరు చదివారో, ఎవరు వల్లించారో.

ఉద్యోగాలొస్తాయా అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగాల్సిందే. ఒక ఫైలు చదివి అందులో చెప్పకుండా వదిలేసిన మాటను పట్టుకోవడం, రెండు వైపుల వాదనలూ విని కారణాలతో నోట్ రాయడం కోర్టుల్లో, పత్రికల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, మీ శాఖలోనూ రోజూ కావలసిన పనులే. అయితే ఈ డిగ్రీ చేతికి రాగానే ఉద్యోగం ఖాయమని నేను చెప్పను, మీరూ చెప్పించకండి.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ప్రతి సెమిస్టర్‌లో ఒక్క పేపరైనా ఇద్దరు అధ్యాపకులూ ఒకే గదిలో ఉండి కలిసి చెప్పాలి. ఆ గంటలు ఇద్దరి పనిభారంలోనూ పూర్తిగా లెక్కకు రావాలి. ఇప్పుడున్న పద్ధతిలో సగం సగం లెక్కేస్తారన్న భయంతోనే చాలామంది ముందుకు రావడం లేదు. చివరి సంవత్సరం ప్రాజెక్టును ఇద్దరూ కలిసి దిద్దాలి. రెండు సబ్జెక్టుల గంటలూ ఢీకొనకుండా టైమ్‌టేబుల్ ముందే వేయాలి. సిలబస్ రాసే ముందు రెండు విభాగాల వాళ్లనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ఇప్పటిదాకా వాళ్లు వేరు వేరు గదుల్లో రాసి పంపుతున్నారు.

ఆ సమావేశానికి పిలిస్తే నేనూ వస్తాను. మూడు చీటీలూ తెస్తాను.

ఇట్లు,
రాజనీతి శాస్త్ర అధ్యాపకురాలు