సత్యానికి, డిస్కుల గురించి

హైదరాబాద్,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సత్యం,

మొన్న ఫోన్లో నువ్వు అడిగింది ఒక్క ముక్క. "ఇంట్లో ఫొటోలు, వీడియోలు దాచుకునే నిల్వ పెట్టెలోకి ఏ కంపెనీ హార్డ్ డిస్కు కొనమంటావో పేరు చెప్పు చాలు" అన్నావు. తర్వాత చెప్తానన్నాను. దాటేద్దామని కాదు. పేరు చెప్తే నువ్వు సాయంత్రానికల్లా కొనేస్తావు, రెండేళ్ల తర్వాత ఏ అర్ధరాత్రో ఫోన్ చేసి నన్ను తిడతావు. అందుకే ఇంట్లో అందరూ భోంచేసి పడుకున్నాక తీరిగ్గా రాస్తున్నా. కాస్త ఓపిక పట్టి చదువు.

ముందు నీ సరుకెంతో లెక్కేద్దాం. మీ నాన్నగారి నాటకాల టేపులు నలభై మూడు అన్నావు. ఆ మినీ డీవీ టేపు గంటకి దాదాపు 13 జీబీ అవుతుంది. ఒక్కోటీ గంట అనుకున్నా మొత్తం 560 జీబీ. ఫొటోలు, అక్కయ్య పెళ్లి వీడియో, ఫోన్లలో మూలుగుతున్నవి అన్నీ కలిపినా ఒకటిన్నర టీబీ దాటదు. కాబట్టి ఆ షాపులో చూపించిన 16 టీబీ డిస్కు మాట మర్చిపో. 4 టీబీవి రెండు కొని, ఆ పెట్టెలో అద్దంలో బొమ్మలా ఒకదాంట్లో పడింది రెండోదాంట్లో కూడా పడేలా పెట్టుకుంటే నీకు ఏళ్ల తరబడి సరిపోతుంది. అన్నట్టు, డబ్బా మీద 4 టీబీ అని ఉంటుంది, విండోస్‌లో 3.6 అని కనబడుతుంది. వాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో లెక్కేస్తుంది. అంతే తప్ప మోసం లేదు. షాపువాడి మీదకు వెళ్లకు. వెళ్తావని తెలిసే ముందు చెప్తున్నా.

ఇక కంపెనీ సంగతి. ఇప్పుడు ఈ హార్డ్ డిస్కులు తయారుచేసేవాళ్లు ప్రపంచం మొత్తమ్మీద ముగ్గురే మిగిలారు: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. హిటాచీ డిస్కుల వ్యాపారాన్ని వెస్టర్న్ డిజిటల్ కొనేసింది, శాంసంగ్‌ది సీగేట్ తీసుకుంది. ఎవరిని పొగిడినా ఎవరో ఒకరు వాళ్ల పాత పాపం బయటకు తీస్తారు. 2000 ప్రాంతంలో ఐబీఎం వాళ్ల డెస్క్‌స్టార్ డిస్కులు ఎంత ఘోరంగా పోయాయంటే జనం వాటికి 'డెత్‌స్టార్' అని పేరు పెట్టారు. సీగేట్ 3 టీబీ మోడల్ ఒకటి అలాగే బద్నాం అయి, అమెరికాలో కోర్టు దాకా వెళ్లింది. ఇవి కంపెనీ దోషాలు అనేకంటే మోడల్ దోషాలు అనాలి. ఒకే అమ్మకి పుట్టిన పిల్లల్లో ఒకడు బుద్ధిమంతుడు, ఒకడు మన శీనుగాడు అయినట్టు.

బ్యాక్‌బ్లేజ్ అని అమెరికాలో ఒక క్లౌడ్ కంపెనీ ఉంది. తమ దగ్గర తిరిగే డిస్కుల్లో ఏ మోడల్ ఎన్ని పోయాయో 2013 నుంచి లెక్క రాసి అందరికీ ఇస్తోంది. లక్షల డిస్కులు. 2023లో నూటికి 1.7, 2024లో 1.57 పోయాయి. అంటే ఏడాదికి నూటికి ఒకటీ రెండుకి మధ్య. ఆ పట్టికలో ఒకే కంపెనీవి పైనా కిందా రెండు చోట్లా కనబడతాయి. కాకపోతే వాళ్లు వాడేవి ఎక్కువగా పెద్ద పెద్ద డేటా సెంటర్ డిస్కులు, అదీ చల్లటి గదుల్లో. తెనాలిలో మే నెలలో నీ ముందుగదికి ఆ అంకెలు అచ్చంగా వర్తించవు.

మరి డిస్కు ఆయుష్షు గురించి కంపెనీవాళ్లు "పది లక్షల గంటలు" అని రాస్తారే, దాన్ని నమ్మావో అయిపోయావ్. పది లక్షల గంటలంటే 114 ఏళ్లు. ఏ డిస్కూ అన్నేళ్లు బతకదు. వెయ్యి డిస్కులు ఏడాదంతా తిరిగితే తొమ్మిది దాకా పోవచ్చని దాని అర్థం. ఆ తొమ్మిదిలో నీది ఉందా లేదా అన్నది ఆ అంకె చెప్పదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఇక్కడ నేను దెబ్బతిన్నాను కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తా. మీ నాయనమ్మగారి పెంకుటిల్లు గుర్తుందా? కోతులు ఎక్కి ఒక పెంకు పగలగొడితే, దాన్ని మార్చడానికి పైవరసల పెంకులన్నీ ఎత్తి పక్కన పెట్టి, మళ్లీ సర్దాల్సొచ్చేది. కొన్ని డిస్కుల్లో రాత సరిగ్గా అలాగే ఉంటుంది. తక్కువ చోటులో ఎక్కువ ఇరికించడానికి ఒక వరస మీదకి ఇంకో వరస కొంచెం ఎక్కేలా రాస్తారు. దీన్ని ఎస్ఎంఆర్ అంటారు. చదవడానికి ఇబ్బంది లేదు. కానీ మధ్యలో ఒక చిన్న ముక్క మార్చాలంటే దాని మీదకెక్కిన వరసలన్నీ మళ్లీ రాయాలి. వరసలు విడివిడిగా ఉండేది సీఎంఆర్. నీకు కావాల్సింది ఇదే.

నేను నాలుగేళ్ల కిందట చవగ్గా వస్తున్నాయని మామూలు కంప్యూటర్లో వేసే డిస్కులు మూడు కొని నా నిల్వ పెట్టెలో పెట్టాను. ఏడాదిన్నర హాయిగా నడిచాయి. ఒకటి పోయింది. సరే, కొత్తది పెట్టి, మిగతా రెండింట్లో ఉన్నదాన్నుంచి దాన్ని నింపమన్నాను. మొదటి రాత్రి బాగానే పరిగెత్తింది. పొద్దున లేచి చూస్తే నత్తలా పాకుతోంది. రెండో రోజు, మూడో రోజు అంతే. నాలుగో రోజు పెట్టె ఆ కొత్త డిస్కునే "పాడైపోయింది" అని బయటికి తోసేసింది. అది పాడవలేదురా, పెంకులు సర్దుకుంటోంది, అంతే. ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సయించలేదు. మిగతా రెండింట్లో ఇంకొకటి పోతే మా పిల్లవాడి చిన్నప్పటి వీడియోలన్నీ గోవిందా. ఆఖరికి సీఎంఆర్ డిస్కు తెచ్చి పెడితే ఒక్క రాత్రిలో పని అయిపోయింది.

ఇది నా ఒక్కడి బాధ కాదు. 2020 ఏప్రిల్‌లో పెద్ద గొడవే అయింది. వెస్టర్న్ డిజిటల్ వాళ్లు ఇంటి నిల్వ పెట్టెలకని అమ్మే రెడ్ డిస్కుల్లో 2 నుంచి 6 టీబీ దాకా కొన్ని మోడళ్లు ఎస్ఎంఆర్ అని, ఆ మాట చెప్పకుండా అమ్మారని బయటపడింది. ఆ తర్వాత వాళ్లు విడదీశారు: ఉత్త 'రెడ్' అంటే ఎస్ఎంఆర్, 'రెడ్ ప్లస్', 'రెడ్ ప్రో' అంటే సీఎంఆర్. కాబట్టి ఆ 'ప్లస్' అన్న మాట అలంకారం కాదు, కళ్లు పెద్దవి చేసుకుని చూడు. సీగేట్‌లో ఐరన్‌వుల్ఫ్, తోషిబాలో ఎన్300 సీఎంఆరే. సీగేట్ 'బారకూడా' అని చవగ్గా దొరికే వాటిలో చాలావరకు ఎస్ఎంఆర్.

ఇంకో తేడా కూడా ఉంది. మామూలు డిస్కుకి ఒక చోట చదవడం రాకపోతే పట్టుబట్టి అక్కడే ప్రయత్నిస్తూ కూర్చుంటుంది. కండక్టర్ చిల్లర కోసం సంచీ అంతా తడుముతుంటే బస్సు కదలనట్టు. పెట్టె కాసేపు చూసి, ఇది చచ్చిపోయిందనుకుని పక్కన పెట్టేస్తుంది. ఈ పెట్టెల కోసం చేసిన డిస్కు ఏడు సెకన్లు చూసి "ఇది నాకు రావట్లేదు" అని ఒప్పుకుంటుంది, పెట్టె ఆ ముక్కని రెండో డిస్కులోంచి తెచ్చుకుంటుంది. షాపువాళ్లు నీకు సీసీ కెమెరాల డిస్కు అంటగట్టాలని చూస్తారు, వాళ్ల దగ్గర కుప్పలుగా ఉండేది అదే. కెమెరా నుంచి ఆగకుండా రాసుకోవడానికి చేసిందది. వద్దను.

ఇంతకీ నువ్వడిగిన జవాబు: రెడ్ ప్లస్ గానీ ఐరన్‌వుల్ఫ్ గానీ, 4 టీబీవి రెండు. మూడేళ్ల వారంటీ. అయిదేళ్ల వారంటీ కావాలంటే రెండింట్లోనూ 'ప్రో' ఉంది, నీకు అనవసరం. ఒకటి విజయవాడలో కొను, ఒకటి నేను ఇక్కడ సీటీసీ కంప్యూటర్ షాపుల్లో కొని పంపిస్తా. ఒకే రోజు, షాపులో ఒకే అట్టపెట్టెలోంచి తీసిన రెండు డిస్కులకి ఏదైనా లోపముంటే రెండింటికీ ఉంటుంది, కవలలకి ఒకేసారి జలుబు చేసినట్టు. నిల్వ పెట్టె కొనేముందు అది ఏయే డిస్కులు ఒప్పుకుంటుందో కూడా చూడు. ఈ పెట్టెలు చేసే సినాలజీ వాళ్లు 2025లో కొత్త మోడళ్లకి తమ డిస్కులే పెట్టాలని మెలిక పెట్టి, జనం గోల చేస్తే అక్టోబరులో వెనక్కి తగ్గారు.

తక్కువ ధర కనబడగానే ఆన్‌లైన్‌లో నొక్కేయకు. 2025 జనవరిలో జర్మనీలో ఒక మోసం బయటపడింది. సీగేట్ ఎక్సోస్ డిస్కులు కొత్తవని అమ్మారు, తీరా చూస్తే వేల గంటలు తిరిగేసినవి. చియా అని ఒక క్రిప్టో కరెన్సీ ఉంది, దాని కోసం డిస్కుల్ని రాత్రింబవళ్లు తిప్పారు. అలా అరగదీసిన వాటినే మీటరు సున్నా చేసి అమ్మేశారని అనుమానం. సెకండ్ హ్యాండ్ బండికి కిలోమీటర్లు వెనక్కి తిప్పినట్టే. అయితే సీగేట్ డిస్కుల్లో 'ఫార్మ్' అని లోపల ఇంకో లెక్క ఉంటుంది, దాన్ని అంత సులభంగా చెరపలేరు. స్మార్ట్‌సీటీఎల్ అనే ఉచిత ప్రోగ్రాంతో చూడొచ్చు. నువ్వు డబ్బా విప్పకముందే సీరియల్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి, మన దేశంలో వారంటీ ఉందో లేదో చూసుకో. బయటి నుంచి తెచ్చినవైతే ఇక్కడ పట్టించుకోరు.

ఒకసారి నాకు కొరియర్‌లో వచ్చిన డిస్కు చూడాల్సింది. పల్చటి అట్టపెట్టె, లోపల ఒక పొర బుడగల కాగితం, ఊపితే లొడలొడమని చప్పుడు. చింతపండు పార్సిల్ కూడా ఇంతకంటే జాగ్రత్తగా వస్తుంది. ఫొటో తీసి వెనక్కి పంపేశాను. నువ్వూ అంతే చెయ్యి, మొహమాటపడకు.

రాగానే డేటా ఎక్కించకు. పెట్టెలో 'ఎక్స్‌టెండెడ్ టెస్ట్' అని ఉంటుంది, రాత్రి పెట్టి పడుకో. 4 టీబీకి ఏడెనిమిది గంటలు పడుతుంది. డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కని 'స్మార్ట్' పట్టిక అంటారు, పొద్దున అందులో పాడైన చోట్లని లెక్కపెట్టే 5, 197, 198 నంబర్లు సున్నా ఉండాలి. కొత్త డిస్కులో అవి సున్నా కాకపోతే ఆ రోజే తిప్పి పంపెయ్. 199 పెరుగుతుంటే మాత్రం డిస్కుని తిట్టకు, కేబుల్ సరిగ్గా కూర్చుందో లేదో చూడు. అన్నీ సున్నాలే ఉన్నాయని నిశ్చింతగానూ ఉండకు. గూగుల్ వాళ్లు 2007లో లక్షకు పైగా డిస్కుల్ని పరిశీలిస్తే, పోయిన వాటిలో మూడో వంతుకు పైగా ఏ హెచ్చరికా లేకుండానే పోయాయి.

కరెంటు గురించి నీకు చెప్పక్కర్లేదు. యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకు. దాని యూఎస్‌బీ తీగ పెట్టెకి తగిలిస్తే, కరెంటు పోయినప్పుడు అది తనంతట తానే మర్యాదగా ఆగిపోతుంది. బిల్లు గురించి మా చెల్లెమ్మ అడిగితే నెలకి పన్నెండు పద్నాలుగు యూనిట్లని చెప్పు. టీవీ కింద అద్దాల అరలో మాత్రం పెట్టొద్దు, గాలాడాలి. డిస్కు వేడి 40, 45 డిగ్రీల దగ్గరుంటే చాలు.

చివరగా, రెండు డిస్కులు పెట్టాం కదా అని గుండె మీద చెయ్యేసుకుని పడుకోకు. మా బామ్మర్ది ఒకసారి చోటు ఖాళీ చేద్దామని ఒక ఫోల్డరు చెరిపేశాడు. అద్దం ఎంత నిజాయితీగా పనిచేసిందంటే, అదే క్షణంలో రెండో డిస్కులోంచి కూడా చెరిపేసింది. అందుకని బయట వేలాడదీసే డిస్కు ఒకటి కొని, అన్నీ అందులోకి ఎక్కించి, గుంటూరులో అక్కయ్య బీరువాలో పెట్టించు. దానికి చవకది, ఎస్ఎంఆర్ అయినా ఫరవాలేదు, ఏడాదికి రెండుసార్లు రాసేదే కదా. సంక్రాంతికి, దసరాకి ఎలాగూ వెళ్తావు, అప్పుడు కొత్తవి చేర్చు. టేపులు పారేయకు.

ఆ టేపుల్లో రేపల్లె నాటకం ముందు ఎక్కించు. నాన్నగారు కృష్ణుడి వేషంలో పద్యం ఎత్తుకున్నాక కరెంటు పోయింది, నీకు గుర్తుందో లేదో. మైకు లేదు, లైట్లు లేవు, ఆయన ఆపలేదు. నీ కెమెరా బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. బొమ్మ కనబడక అయిదారు నిమిషాలు అంతా నల్లగా వస్తుంది. ఆ ముక్క పాడైందనుకుని కత్తిరించేవు.

అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

నీ
రవి