గుర్తించిన ప్రతిభకు బోధన ఏది?

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి చదివే పేదింటి ప్రతిభావంతులను గుర్తించేందుకు 2008 నుంచి అమలవుతున్న ఎన్‌ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్) ఉపకార వేతన పథకం ఎన్నో కుటుంబాలకు ఆసరాగా నిలిచింది. ఎంపికైన వారికి తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ పూర్తయ్యే వరకు ఏటా రూ.12,000 బ్యాంకు ఖాతాలో పడతాయి. కానీ ఆ పిల్లలకు బడిలో అదనంగా నేర్పేది మాత్రం ఏమీ ఉండదు. ఒక పాఠశాలలో చురుకైన బుర్రలు ఏవో పరీక్ష పెట్టి మరీ తేల్చుకున్న ప్రభుత్వం, మర్నాటి నుంచి వారిని అదే పీరియడ్‌లో, అదే పాఠం దగ్గర కూర్చోబెడుతోంది.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం బోధించిన వాడిగా ఈ మాట బాధతో రాస్తున్నాను. ఒక సంఖ్యను 11 శేషం లేకుండా భాగిస్తుందో లేదో తేల్చే భాజనీయతా సూత్రం చెబుతున్నప్పుడు ఒక అమ్మాయి లేచి, 7కు కూడా ఇలాంటిది ఉంటుందా అని అడిగింది. మర్నాడు 10, 100, 1000 ఇలా వరుసగా 7తో భాగించి, 3, 2, 6, 4, 5, 1 శేషాలుగా వచ్చి మళ్లీ మొదటికే వస్తున్నాయని నోటుపుస్తకంలో రాసి చూపించింది. అదే తరగతిలో భాగహారమే రాని పిల్లలు ఉండగా, ఆమెతో ఆ దారిలో పది నిమిషాలు నడిచే వెసులుబాటు ఏ ఉపాధ్యాయుడికి దొరుకుతుంది?

1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు సర్వేల్‌లో, మరుసటి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్లిలో మొదలైన గురుకులాలు పల్లె పిల్లలను ఎంపిక చేయడంతో ఆగక, వారి స్థాయికి తగ్గట్టు చదువు చెప్పాయి. గురుకుల సీటు దొరకని వారు, ఇల్లు వదిలి వెళ్లలేని వారు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఊరి బడిలోనే ఉండిపోతారు. వారికీ ఆ అవకాశం దక్కాలి. పాఠశాల, స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం), జిల్లా స్థాయుల్లో విషయాల వారీ క్లబ్బులు ప్రోత్సహించాలని 2020 జాతీయ విద్యా విధానం స్పష్టంగానే చెప్పింది. ఎన్‌ఎంఎంఎస్‌కు ఎంపికైన వారినీ, కొద్ది మార్కుల్లో తప్పిన వారినీ కలిపి కాంప్లెక్స్ స్థాయిలో రెండు వారాలకోసారి శనివారం గణితం, సైన్స్ తరగతులు నడపవచ్చు. అందుకు కావలసింది ఆసక్తి ఉన్న ఇద్దరు ఉపాధ్యాయులకు ఆ పూట వేరే పని లేకుండా చూడటం, పిల్లలకు బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం.

మరొక్క విషయం. ఈ ఉపకార వేతనాన్ని ఏటా పోర్టల్‌లో రెన్యువల్ చేయించుకోవాలి. పాఠశాల, జిల్లా స్థాయి ధ్రువీకరణలో జాప్యం జరిగినా, ఆధార్‌లో పేరు ఒక అక్షరం తేడా ఉన్నా నష్టపోయేది విద్యార్థే. పదో తరగతి తర్వాత ప్రైవేటు జూనియర్ కళాశాలలో చేరితే వేతనం ఆగిపోతుందన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకు ముందుగా తెలియదు. రెన్యువల్ సకాలంలో పూర్తయ్యేలా చూడటం, ఈ సంగతి తల్లిదండ్రులకు ముందే చెప్పడం అనే రెండు బాధ్యతలనూ ప్రతి మండలంలో ఒక అధికారికి పేరుపెట్టి అప్పగించాలని రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలను కోరుతున్నాను.

– విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, పల్నాడు జిల్లా