కొనకముందే తేదీ చూపించాలి: కేంద్ర వినియోగదారుల వ్యవహారాల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన శ్రీ ప్రహ్లాద్ జోషి గారికి,

నమస్కారాలు.

హైదరాబాద్‌లో ఏ సూపర్ మార్కెట్‌కైనా వెళ్ళి, పాలు, పెరుగు పెట్టే ఫ్రిజ్ దగ్గర కాసేపు నిలబడి చూడండి. ముందు వరసలో ఉన్న ప్యాకెట్‌ని చాలామంది ముట్టుకోరు. చెయ్యి లోపలికంటా పోనిచ్చి వెనకాలది తీస్తారు. తిప్పి తేదీ చూస్తారు. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చిన పెద్దవాళ్ళయితే పక్కనున్న వాళ్ళ చేత చదివించుకుంటారు. పాత సరుకు ముందు, కొత్త సరుకు వెనక పెడతారని మా ఇళ్ళలో అందరికీ తెలుసు. 1986లో మా ఊళ్ళో మొదలైన త్రినేత్ర లాంటి దుకాణాల్లో సరుకు చేత్తో తీసుకుని చూసి కొనడం అలవాటైంది. అంతకుముందు చీటీ రాసి పంపితే కిరాణా కొట్టాయన కట్టించి ఇచ్చేవాడు. కానీ ఆయన మనకు తెలిసినవాడు. పిండి పురుగు పట్టిందంటే మారు మాట్లాడకుండా వేరేది ఇచ్చేవాడు.

ఇప్పుడు ఆ కొనుగోళ్ళు ఫోన్‌లోకి మారిపోయాయి. బ్లింకిట్, జెప్టో, ఇన్‌స్టామార్ట్, బిగ్‌బాస్కెట్ లాంటి సరుకుల యాప్‌ల రాకతో చాలా ఇళ్ళలో నెల సరుకుల లిస్టే పోయింది, ఏ పూటకి ఏది కావాలంటే అది ఆ పూటే వస్తోంది. ఈ సౌకర్యం నేను వద్దనడం లేదు. మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగలేని వాళ్ళకి, చంటిపిల్లల తల్లులకి ఇది నిజంగా పెద్ద సాయం. నా బాధల్లా ఒక్కటే. వెనక వరసలోంచి ప్యాకెట్ తీసుకునే ఆ చెయ్యి ఇప్పుడు మనది కాదు. కొట్టులో ఉన్న ఏ ప్యాకెట్ మన సంచిలో పడాలో ఆ యాప్‌ల కంపెనీవాళ్ళే తేలుస్తారు. కనీసం దాని మీద ఏ తేదీ ఉందో డబ్బు కట్టేముందు చూసుకుందామన్నా, చాలా సరుకులకి ఆ వివరం కనిపించదు.

కనిపించేది షెల్ఫ్ లైఫ్, అంటే సరుకు ఎన్ని రోజులు నిలవుంటుందన్నది మాత్రమే. మొన్న మా ఇంటికి సాయంత్రం పూట ఒక దోశ పిండి ప్యాకెట్ వచ్చింది. యాప్‌లో 'షెల్ఫ్ లైఫ్ 7 రోజులు' అని ఉంది. ప్యాకెట్ ఉబ్బిపోయి ఉంది, అడుగున సగం చెరిగిన సిరాతో ఉన్న గడువు మర్నాటికే. చూస్తే రెండూ అబద్ధం కాదు. ఆ పిండి ఏడు రోజులు నిలవుంటుంది, అందులో ఆరు రోజులు వాళ్ళ దగ్గరే గడిచిపోయాయి. ఏ రోజు ప్యాక్ చేశారో చెప్పకుండా ఎన్ని రోజులు నిలవుంటుందో చెబితే కొనేవాడికి తెలిసేదేముంది?

మంత్రిగారూ, ఈ చిక్కు మీ శాఖ నియమాల్లోనే ఉంది. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, అమ్మే వస్తువుకి గడువు తేదీ ఉంటే దాన్ని తెలియజేయాలంటున్నాయి. తూనికలు కొలతల కింద ప్యాకెట్ సరుకులకి వర్తించే 2011 నాటి లీగల్ మెట్రాలజీ (ప్యాకేజ్డ్ కమోడిటీస్) నియమాల్లో 6(10) మాత్రం, ప్యాకెట్ మీద ఉండాల్సిన వివరాలన్నీ ఆన్‌లైన్‌లో చూపించాలంటూనే తయారీ లేదా ప్యాకింగ్ నెల, సంవత్సరాన్ని మినహాయించింది. 'ప్యాక్ చేసిన నాటి నుంచి ఇన్ని నెలల్లోపు వాడాలి' అని రాసుండే సరుకులు ఎన్నో ఉన్నాయి. ప్యాకింగ్ తేదీ దాచుకోవచ్చంటే వాటి గడువు కూడా దాచినట్టే.

ఈ మినహాయింపుకి అప్పట్లో అర్థం ఉందేమో. దేశంలో ఏ మూలనో ఉన్న అమ్మకందారు దగ్గర్నుంచి నాలుగు రోజులకి పార్సిల్ వచ్చే వ్యాపారంలో, ఏ ప్యాకెట్ వస్తుందో ముందే చెప్పడం కష్టం. కానీ పది నిమిషాల డెలివరీలో సరుకు మన పక్క వీధిలోనే, ఒక్క డార్క్ స్టోర్‌లో, అంటే యాప్ ఆర్డర్ల కోసమే సరుకు పెట్టుకునే చిన్న గోదాములో ఉంటుంది. ఏది ముందు బయటికి పంపాలో చూసుకోవడానికి తేదీలు నమోదు చేసుకోవడం గోదాముల్లో మామూలే. ఒకే సరుకు రెండు మూడు బ్యాచ్‌లది ఉంటుందని కంపెనీలు అనవచ్చు. అలాంటప్పుడు ఆ స్టోర్‌లో ఉన్నవాటిలో అన్నిటికంటే ముందు గడువు తీరే ప్యాకెట్ తేదీ చూపిస్తే చాలు. అంతకంటే కొత్తది వస్తే ఎవరూ గొడవ పెట్టుకోరు.

డెలివరీ సమయానికి కాలపరిమితిలో కనీసం 30 శాతం లేదా 45 రోజులు మిగిలి ఉండేలా చూడాలని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2024 నవంబర్‌లో ఈ-కామర్స్ కంపెనీలకి చెప్పింది. మంచి మాటే. అయితే అది పాటిస్తున్నారో లేదో చూసేదెవరు? 2024 జూన్‌లో తెలంగాణ ఆహార భద్రతా అధికారులు మేడ్చల్ వైపు దేవరయాంజాల్‌లోని నిమిషాల్లో సరుకు చేర్చే ఒక క్విక్ కామర్స్ కంపెనీ గోదాములోకి వెళ్ళి చూస్తే కాలం చెల్లిన సరుకు దొరికింది. అధికారులు రోజూ అన్ని గోదాములూ తిరగలేరు. తేదీ స్క్రీన్ మీదే ఉంటే కొనేవాళ్ళే చూసుకుంటారు.

బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్న పిల్లలు వరంగల్‌లో, గుంటూరులో ఉన్న అమ్మానాన్నలకి ఫోన్‌లో సరుకులు పంపడం ఇప్పుడు మామూలైంది. ఆర్డర్ పెట్టినవాళ్ళు ప్యాకెట్ చూడరు. తినేవాళ్ళకి ఆ చిన్న అక్షరాలు ఆనవు, యాప్‌లో కంప్లయింట్ పెట్టడం రాదు. నలభై రూపాయల పెరుగు కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసేదెవరు? పైగా తేడా వస్తే తిట్లు తినేది డెలివరీ అబ్బాయి. అతని చేతికి వచ్చేది మూతి కట్టేసిన సంచి.

చివర్లో వచ్చి చేరే ఛార్జీలు, అడగకుండా బుట్టలో పడే వస్తువుల విషయంలో మీ శాఖ 2023లో డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు తెచ్చి, 13 రకాల మోసపు పద్ధతుల్ని పేరుపేరునా చెప్పింది. తేదీల విషయంలోనూ అలాగే ముందుకు రావాలని నా విన్నపం. నియమం 6(10)లోని మినహాయింపుని ఆహార పదార్థాల వరకైనా తీసేయండి. ధర ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటుందో గడువు తేదీ కూడా దాని పక్కనే అంత పెద్దగా, కొనేవాళ్ళు ఎంచుకున్న భాషలో ఉండాలని రాయండి. గడువు దగ్గర పడిందని తగ్గింపు ఇస్తే ఆ మాట అక్కడే చెప్పమనండి, అవసరం ఉన్నవాళ్ళు తెలిసే కొనుక్కుంటారు. గుమ్మం దగ్గర తేదీ చూసి వద్దనుకుంటే అక్కడికక్కడే వెనక్కి పంపే వీలుండాలి. అందుకు డెలివరీ అబ్బాయికి కోత పడకూడదు.

ఈ సవరణ ముసాయిదా విడుదల చేసినప్పుడు తెలుగులో కూడా ప్రచురించి, అభిప్రాయాలు తెలుగులో పంపే అవకాశం ఇవ్వండి. మా అమ్మలాంటి వాళ్ళు చెప్పాల్సింది చాలా ఉంది.

ఇట్లు,
ఒక వినియోగదారు,
హైదరాబాద్