లారీ కబుర్లు

ఒరేయ్ మావా,

ఎలా ఉన్నావురా? అమ్మ మోకాలు ఎలా ఉంది? వాయిస్ మెసేజ్ పెడితే నువ్వు స్పీడు పెంచి సగం సగం వింటావు, అందుకే కుదురుగా కూర్చుని రాస్తున్నా. పైగా ఇది లారీల సంగతి. ఆటోనగర్‌లో పుట్టి పెరిగిన నీకు కాక ఇంకెవరికి చెప్తాను?

పెన్సిల్వేనియాలో మా ఇంటికి కాస్త దూరంలో లాంకాస్టర్ కౌంటీ ఉంది. ఏటా మే రెండో ఆదివారం, అంటే మదర్స్ డే నాడు, అక్కడ వందలాది లారీలు బారులు తీరి ఊరేగుతాయి. పెద్ద జబ్బులతో పోరాడే పిల్లలు డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని దొరల్లా వెళ్తారు. అలాంటి పిల్లల కోరికలు తీర్చే మేక్-ఎ-విష్ అనే సంస్థకి దీనివల్ల చందాలు పోగవుతాయి. మా ఆఫీసులో ఒకావిడ ఏటా పనిచేయడానికి వెళ్తుంది, ఈసారి నన్నూ లాక్కెళ్ళింది.

ఇది 1990లో మొదలైంది. ఒక పిల్లాడికి లారీ ఎక్కాలని, అందులోంచి సీబీ రేడియోలో తన తోబుట్టువుతో మాట్లాడాలని కోరిక. సీబీ అంటే బండికీ బండికీ మధ్య మాట్లాడుకునే రేడియో, ఇక్కడి డ్రైవర్లు 19వ ఛానల్లో పెట్టుకునే రచ్చబండ అనుకో. ముందు ట్రాఫిక్ ఆగిందనో, కాటా దగ్గర ఆపుతున్నారనో ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటారు. ఆ పిల్లాడి కోరిక తీరడానికి ఒక్క బండి చాలు కదా, 40 బండ్లు వచ్చాయట! డ్రైవర్లంటే అంతేరా. మీ నాన్న బండి నందిగామ దగ్గర ఆగిపోయినప్పుడు ఎంతమంది ఆగారో గుర్తుందిగా.

అసలు మేక్-ఎ-విష్ కూడా ఇలాగే పుట్టింది. 1980లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, ఉన్న ఏడేళ్ళ పిల్లాడు పోలీసునవుతానంటే, అక్కడి పోలీసులు వాడి కొలతలకి యూనిఫాం కుట్టించి, బ్యాడ్జి ఇచ్చి, హెలికాప్టర్ ఎక్కించారు. కొద్దిరోజులకే వాడు పోయాడు. మనవైపూ జరిగింది: 2014లో హైదరాబాద్‌లో పదేళ్ళ పిల్లాణ్ణి ఒకరోజు పోలీస్ కమిషనర్ కుర్చీలో కూర్చోబెట్టారు. పేపర్లో ఫోటో చూసి నువ్వే నాకు పంపావు.

ఇక్కడ చాలామంది, నాతో సహా, ఒకటి అనుకుంటాం: ఇది చివరి కోరిక తీర్చే సంస్థ అని. కాదురా. రెండున్నరేళ్ళు దాటి 18 లోపు ఉండి, ప్రాణానికి ముప్పున్న జబ్బయితే చాలు, కోరిక కోరొచ్చు. ఆ పిల్లల్లో ఎక్కువమంది పెద్దవాళ్ళవుతున్నారు. పిల్లల్లో మామూలుగా వచ్చే లుకేమియా ఇప్పుడు ఈ దేశంలో నూటికి తొంభైమందికి నయమవుతోంది. అందుకే పని మొదలెట్టే ముందు మాకు గట్టిగా చెప్పారు: జబ్బు సంగతి అడగొద్దు, మొహం వేలాడేయొద్దు, ఏ బండి నచ్చిందో అడగండి అని. మన దగ్గరైతే ఎలా ఉంటుందో తెలుసుగా. మందులకి జుట్టు ఊడిపోయిన పిల్ల కనబడితే "అయ్యో పాపం, ఏమైందమ్మా, డాక్టర్ ఏమన్నాడు" అని బస్సులో పక్కన కూర్చున్న ఆవిడ మొదలెడుతుంది. ప్రేమే, కాదనను. కానీ ఆ పిల్లకి రోజూ అదే గోల.

నన్ను పిల్లల్ని క్యాబిన్ ఎక్కించే చోట పెట్టారు. ఇక్కడి బండి మెట్లు ఎత్తెత్తుగా ఉంటాయి. ఎప్పుడూ రెండు చేతులూ ఒక కాలో, రెండు కాళ్ళూ ఒక చేయో ఆనించే ఎక్కాలి, దూకడం నిషిద్ధం. తొమ్మిది పదేళ్ళ పిల్ల ఒకతి వచ్చింది, మాస్కు, తలకి పసుపుపచ్చ టోపీ. కాలర్ ఎముక కింద చర్మంలో మందు ఎక్కించే పోర్ట్ ఉంది, సీటు బెల్టు సరిగ్గా దానిమీదే ఒరుసుకుంటుంది. వాళ్ళమ్మ సంచిలోంచి అరచేయంత దిండు తీసి బెల్టుకి చుట్టింది, వెల్క్రోతో అతుక్కుంది. ఎంత చిన్న వస్తువురా! దానిమీద కూడా లారీ బొమ్మ కుట్టి ఉంది.

డ్రైవర్ ఆజానుబాహుడు, చేతులనిండా పచ్చబొట్లు. బండి మ్యాక్, ముందు ఆ కంపెనీ బుల్‌డాగ్ బొమ్మ మెరిసిపోతోంది. శనివారమంతా పాలిష్ పెట్టాడట. ఆ పిల్ల కూర్చోగానే అడిగిన మొదటి ప్రశ్న, "ఇందులో నిద్రపోతావా? మంచం ఎక్కడ?" అతగాడు వెనక తెర తీసి చూపించాడు. రెండో ప్రశ్న, "హారన్ ఏది?" పైన వేలాడే తాడు చూపించేలోపే లాగేసింది. నా చెవులు ఆ పూటకి పనిచేయలేదు. వాళ్ళమ్మ నవ్వుతూ నన్నే చూసి "సారీ" అంది.

బండ్లు కదిలాక రోడ్డుకి రెండువైపులా జనం. మడత కుర్చీలు, ఐస్ పెట్టెలు తెచ్చుకుని కూర్చున్నారు. పిల్లలు చేయి పైకెత్తి తాడు లాగినట్టు ఊపితే లారీ హారన్ మోగాలి, అది ఇక్కడి ఆనవాయితీ. ఆమిష్ వాళ్ళు కూడా వచ్చారు, పాతకాలం పద్ధతుల్లోనే బతికే క్రైస్తవులు. సొంత కార్లుండవు, గుర్రబ్బండ్లలోనే తిరుగుతారు, అలాంటివాళ్ళు గడ్డిలో నిలబడి 18 టైర్ల బండ్లకి చేతులూపుతున్నారు! ఆసుపత్రిలో అందరూ వంగి చూసే పిల్లల్ని ఆవేళ జనమంతా తలెత్తి చూడాలి. ఒక గంటసేపు వాళ్ళే పైన.

మా ఆవిడ మాత్రం వదల్లేదు. "అంత డీజిల్ తగలేసే బదులు ఆ డబ్బేదో నేరుగా ఇవ్వొచ్చుగా" అంది. లెక్క కరెక్టే. కానీ ఉత్త చెక్కు రాయమంటే అంతమంది డ్రైవర్లు పండగపూట వస్తారా? ఆస్ట్రేలియాలో ఇల్లవర్రా అనే చోట కూడా ఇలాంటిదే ఉంది, 2005లో మొదలైంది. అక్కడ వరసలో ముందు బండి ఎవరిదో వేలం వేస్తారు, కంపెనీలు పోటీలు పడి పాడతాయి. మన బాలాపూర్ లడ్డు వేలమే అనుకో, 1994లో 450 రూపాయలతో మొదలై ఇప్పుడు లక్షలు పలుకుతోంది. పరువు కోసం పాడినా డబ్బు మంచిపనికే పోతుంది, మనకేం నష్టం?

అసలు విషయానికొస్తా. నువ్వు లారీ ఓనర్ల సంఘంలో తిరుగుతుంటావుగా. బెజవాడలో ఇలాంటిది పెట్టొచ్చేమో చూడు. పది బండ్లు చాలు. ఎండలు మొదలవకముందు, ఏ డిసెంబర్లోనో, తెల్లారగట్ల. పిల్లలకి ఒంట్లో తెల్లకణాలు తక్కువుంటాయి కాబట్టి దుమ్ము పడదు, డాక్టర్ సరేనంటేనే ఎక్కించాలి. 2025 అక్టోబర్ నుంచి తయారయ్యే లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు కాబట్టి, కొత్త బండ్లున్నవాళ్ళని ముందు పట్టుకో. సీటు బెల్టులు పనిచేసేవే కావాలి, సీటు కింద దోపేసినవి కాదు. మంత్రుల్ని పిలవకు, వాళ్ళ ఉపన్యాసాలయ్యేసరికి మధ్యాహ్నం అవుతుంది. వెనక "హారన్ ప్లీజ్" రాసిన రంగుల బండ్లయితే మరీ మంచిది.

ఎంతమంది ఓనర్లు ఒప్పుకుంటారో కనుక్కుని రాయి. చిన్న దిండ్లు నేను పంపిస్తా, మా ఆవిడ కుట్టడానికి ఒప్పుకుంది.

నీ
బక్కోడు