పొక్లెయిన్‌లో వాటా గురించి

విశాఖపట్నం

చిరంజీవి చిన్నాకి,

అమ్మ ఆశీస్సులు. ఆదివారం ఫోన్లో నువ్వు అడిగినదానికి "రాస్తాలే" అని పెట్టేశాను. ఫోన్లో అయితే నేను సగం చెప్పేలోపే నువ్వు "సరేలే అమ్మా" అంటావు. అందుకే కాగితం తీశాను.

నువ్వడిగింది ఇదీ. నీ స్నేహితుడి వాళ్లు ఇంకో పొక్లెయిన్ కొంటున్నారు, ఐదు లక్షలు పెడితే నీకూ వాటా ఇస్తామన్నారు, నెలనెలా అద్దె వస్తుంది. మన వార్డు కార్పొరేటరైన వాళ్లమ్మ మీద పేపర్లో వచ్చిందంతా వట్టి రాజకీయం, కాబట్టి పెట్టొచ్చా అని.

రాజకీయం లేదని నేననను. ఆవిడది ఒక పార్టీ, ఆరోపణ చేసినవాళ్లది ఇంకో పార్టీ. ఆవిడ మీద నాకు కోపం కూడా లేదు. 2007 తర్వాత మన కార్పొరేషన్‌కి మళ్లీ ఎన్నికలు జరిగింది 2021లోనే. పాత కౌన్సిల్ గడువు తీరాక ఏళ్ల తరబడి అధికారుల పాలనే. వీధిలైటు పోయినా, కుళాయి రాకపోయినా ఎవరి గుమ్మం తొక్కాలో తెలిసేది కాదు. ఈవిడ గెలిచాక మన సందులో లైటు పోతే రాత్రి తొమ్మిదింటికి మనిషిని పంపించింది. అది మర్చిపోయి మాట్లాడితే నాకే పాపం.

కానీ ఆరోపణ లైటు గురించి కాదు కదా. గెడ్డలో, అంటే ఊళ్లో వాననీళ్లు పోయే వాగులో, పూడిక తీసే పని ఒక కాంట్రాక్టరుకి దక్కింది. అతని దగ్గర నడిచే యంత్రాలు ఈవిడ భర్తవి. ఆ పని మంజూరు చేసిన స్టాండింగ్ కమిటీ మీటింగులో ఈవిడ కూర్చుని ఆమోదం తెలిపింది. యంత్రాలు తమవి కావని వాళ్లు ఎక్కడా అనలేదు. "ఊరంతా అద్దెకిస్తాం, ఇతనికీ ఇచ్చాం, తప్పేముంది?" అన్నారు ఆవిడ భర్త, మన అన్నయ్యగారు.

చట్టం ప్రకారం తప్పుందో లేదో నేను తేల్చలేను. 1955లో హైదరాబాద్ కోసం చేసిన కార్పొరేషన్ చట్టమే మన ఊరికీ వర్తిస్తుంది. కార్పొరేషన్ కాంట్రాక్టులో ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ, తనకు గానీ తన వ్యాపార భాగస్వామికి గానీ వాటా ఉంటే సభ్యత్వానికి అనర్హులని అందులో ఉంది. మరి భర్త భాగస్వామి లెక్కలోకి వస్తాడా? కాంట్రాక్టు ఆయనది కూడా కాదు, యంత్రం అద్దెకిచ్చాడంతే. ఆ "పరోక్షంగా" దగ్గర వకీళ్లు ఏళ్లకేళ్లు లాగగలరు. రాజ్యసభ సభ్యులైతే తమ వ్యాపార ప్రయోజనాలు ఒక రిజిస్టరులో రాసివ్వాలి. ఇక్కడ అలాంటి రిజిస్టరు నేనెప్పుడూ చూడలేదు. యంత్రాలెవరివో పేపరోళ్లు చెబితేగానీ వార్డులో జనానికి తెలియలేదు.

ఇప్పుడు నాకు తెలిసిన విషయం చెబుతాను, ఎందుకంటే నా ఉద్యోగమంతా ఒక మునిసిపాలిటీ ఎకౌంట్స్ సెక్షన్లోనే గడిచింది. బిల్లులన్నిట్లోకీ నాకు భయమేసేది పూడికతీత బిల్లంటేనే. సిమెంటు రోడ్డు వేస్తే అందులోంచి ఒక ముక్క కోసి తీసి మందం చూడొచ్చు. కాలువ కడితే టేపు పట్టుకుని కొలవొచ్చు. పూడికకి ఏం చూస్తావు? తీసింది ఒడ్డున పోస్తారు, టిప్పర్లు వచ్చేలోపు వానొస్తే సగం మళ్లీ గెడ్డలోకే పోతుంది. సీజన్ అయిపోయాక ఎంత తీశారో చెప్పడానికి గెడ్డలో ఏ ఆనవాలూ ఉండదు. ఇక మిగిలేవి కాగితాలే. టిప్పర్ల ట్రిప్ షీటు, యంత్రం ఎన్ని గంటలు నడిచిందో రాసే లాగ్ షీటు, పని కొలతలు రాసే ఎం.బుక్‌లో ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, సంతకం.

ఒకసారి నా టేబుల్ మీదకి ఒక ట్రిప్ షీటు వచ్చింది. నెలంతా ఒకే పెన్ను, ఒకే చేతిరాత, టీ మరక కూడా లేదు. గెడ్డ గట్టున నిలబడి రాసిన కాగితం అంత శుభ్రంగా ఉంటుందా? తుఫానుకి ఊళ్లో బస్సులు ఆగిపోయిన రోజు కూడా అన్ని టిప్పర్లూ తిరిగినట్టు రాసుంది. నేను ఎర్ర ఇంకుతో అడిగాను. సైటు ఏఈ కుర్రాడు, నీకంటే ఓ నాలుగేళ్లు పెద్దవాడేమో, కాగితం తిరిగి తీసుకెళ్తూ "మేడమ్, ఆ యంత్రం ఎవరిదో మీకు తెలుసు కదా" అన్నాడు. అతనికి ఎవరూ ఫోన్ చేయలేదు, బెదిరించలేదు. చెయ్యక్కర్లేదు. తనని ఏ వార్డులో ఉంచాలో ఎక్కడికి మార్చాలో చెప్పగలిగిన మనిషి ఇంటి యంత్రమని తెలిస్తే చాలు, పది గంటలని రాసినచోట ఆరు అని కొట్టేయడానికి చెయ్యి రాదు.

నేను ఇక్కడ ఆగిపోయాను, చిన్నా. ఈవిడ ఒక్క రూపాయి తిన్నదని నేననడం లేదు. యంత్రాలు రాసిన గంటలన్నీ నిజంగానే నడిచి ఉండొచ్చు. కానీ గంటలు తగ్గించమని చెప్పాల్సిన మనిషికే, గంటలు ఎక్కువైతే లాభమయ్యే ఏర్పాటు అది. ఆ మీటింగులో ఈ అంశం వచ్చినప్పుడు "ఇందులో మావాళ్ల యంత్రాలున్నాయి, నేను బయట కూర్చుంటాను" అనుంటే సరిపోయేది. పనీ ఆగేది కాదు, అద్దే పోయేది కాదు. ఆ ఒక్క మాట ఎందుకు అనలేదో నాకిప్పటికీ అంతుబట్టలేదు.

ఒకటి ఒప్పుకోవాలి. ఆవిడ ఆ అజెండా చదివిందో లేదో కూడా నాకు అనుమానమే. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవి, మంచిదే. కానీ ఆవిడ నంబరుకి ఫోన్ చేస్తే ఎత్తేది అన్నయ్యగారే. పేపర్లో ఫోటో ఆవిడది, అద్దె ఆయనది. రేపు అనర్హత వేటు పడినా పడేది ఆవిడ మీదే. ఇది తలచుకుంటే వార్డు గొడవకంటే నాకు ఎక్కువ ఒళ్లు మండుతుంది.

మీ నాన్న మాత్రం "ఎవరు తినలేదు గనక" అని పేపరు తిప్పేశారు. ఆ మాట నాకు నచ్చదు. తిన్నారని ముందే తీర్పిచ్చేయడం, తింటే ఏమైందని వదిలేయడం, రెండూ కాగితం చూడకుండా మాట్లాడటమే. మన వీధి చివర మాస్టారు సమాచార హక్కు కింద అర్జీ పెట్టారు. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఆయన అడగాల్సింది నేనే రాసిచ్చాను: ఆ పని ఎం.బుక్ నకళ్లు, లాగ్ షీట్లు, ట్రిప్ షీట్లలోని బండి నంబర్లు, పూడిక ఎక్కడ పోశారో ఆ చోటు, ఆ రోజు కమిటీ హాజరుపట్టీ. "అవినీతి జరిగిందా?" అని అడిగితే జవాబు రాదు, కాగితం అడిగితే వస్తుంది. వచ్చాక లెక్కలు చూడటానికి నన్ను రమ్మన్నారు, వెళ్తాను. లెక్క సరిపోతే సరిపోయిందనే చెబుతాను.

ఆవిడకి, అదే మన కార్పొరేటర్ వదినగారికి, కూడా ఈ సంగతి చెప్పాను, వెనకాల ఎందుకని. కూరగాయల బండి దగ్గర ఎదురైంది. "మీరు కూడానా?" అంది. నేను బెండకాయలు ఏరుకుంటూ "కాగితాలు బాగుంటే మీకే మంచిది కదా వదినా" అన్నాను. డబ్బులిచ్చేసి వెళ్లిపోయింది.

ఇక నీ ఐదు లక్షలు. పెట్టొద్దు. నీ స్నేహితుడు చెడ్డవాడని కాదు, వాడు నా చేత్తో అన్నం తిన్న పిల్లాడు. కానీ ఆ యంత్రంలో వాటా తీసుకున్న రోజునుంచీ చావులమదుం దగ్గర నీళ్లు నిలిచాయని వార్త వస్తే నువ్వు అయ్యో అనుకునే ముందు గంటలు లెక్కేసుకుంటావు. ఆ గంటల్ని కోసేసే ఏఈ నీకు శత్రువులా కనపడతాడు. వాడికి సూటిగా చెప్పు, మొహమాటమైతే అమ్మ వద్దంది అను. స్నేహం దానికే తెగిపోతే నాతో మాట్లాడమను.

ఆ డబ్బు ఊరికే బ్యాంకులో పడి ఉందని బాధగా ఉంటే, బాబాయి దగ్గర తీసుకున్న రెండు లక్షలు ముందు తీర్చెయ్యి. ఆయన అడగరు, పిన్ని మాత్రం లెక్కపెడుతూనే ఉంటుంది. మాడుగుల హల్వా కొరియర్ చేశాను, అందగానే ఫోన్ చెయ్యి.

అమ్మ