మోల్డ్ బంగారాన్ని వేల్స్‌లోనూ చూపించాలి

సంపాదకులకు నమస్కారం.

లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న, వేల్స్‌లోని మోల్డ్ అనే ఊళ్లో దొరికిన బంగారు ముక్కలను చాలాకాలం గుర్రం ఛాతీకి కట్టే కవచం అనుకున్నారు, తీరా కలిపి చూస్తే మనిషి భుజాలమీద వేసుకునేదని తేలింది. 1833లో అక్కడ పాత సమాధి దిబ్బను తవ్విన కూలీలకు అది దొరికితే, తలా ఓ ముక్క పంచేసుకున్నారట! ఒకే బంగారు ముద్దను రేకుగా సాగగొట్టి, పూసల దండల్లా వరసలు వరసలుగా బుడిపెలు తేల్చారు. 3,600 ఏళ్లు పైబడిన పని. 2013లో కొన్నాళ్లు వేల్స్‌లోని కార్డిఫ్, రెక్స్‌హామ్ మ్యూజియాల్లో పెట్టి మళ్లీ లండన్ తెచ్చేసుకున్నారు. దొరికిన ఊరివాళ్లే చూడటానికి రైలెక్కాలా? మన అమరావతి శిల్పాలూ అదే మ్యూజియంలో ఉన్నాయి కాబట్టి ఈ బాధ మనకు కొత్తేం కాదు. ఏటా కొన్ని నెలలైనా దాన్ని వేల్స్‌లో ఉంచాలి, కూలీలు పంచుకున్న కథతో సహా.

— ఒక పాఠకుడు, లండన్